కంపు నల్లి ఇల్లు చేరితే పాలు భద్రం

వానాకాలం వరి ఈనిన నాటి నుండి కోతలు ముగిసే వరకు మన మంచిర్యాల జిల్లా పల్లెల్లో సాయంత్రం దీపం వెలిగించగానే కంపు పురుగులు గోడల మీద వాలుట సభ్యులందరికీ తెలిసినదే. లక్షెట్టిపేట, దండేపల్లి, జన్నారం వైపు కడెం కాలువ కింద వరి విస్తారము. పొలానికీ పశువుల కొట్టానికీ దూరం తక్కువ. ఈ పురుగును వదిలించుకొనుటకు ఏమి చేయవలెనో, తొందరపడి ఏమి చేయకూడదో ఇక్కడ వివరించుచున్నాము.

పురుగును గుర్తించుట

మనకు ముఖ్యంగా కనబడేవి రెండు రకాలు. మొదటిది వరి కంపు నల్లి. సన్నగా, పొడవుగా, ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులో, పొడవైన కాళ్లు, మీసాలతో ఉంటుంది. గింజ పాలు పోసుకునే దశలో ఆ పాలు పీల్చి గింజను తాలు చేస్తుంది. రెండవది డాలు ఆకారంలో వెడల్పుగా ఉండే పచ్చ పురుగు. ఇది చిక్కుడు, పెసర వంటి కాయ పైర్ల మీద పెరుగుతుంది.

ముట్టుకుంటే కంపు ద్రవము వదలుట వాటి ఆత్మరక్షణ. పచ్చ పురుగు వాసనలోని కొన్ని పదార్థాలు కొత్తిమీరలోనూ ఉన్నవి. ఇవి దోమ, జోరీగల వలె పశువు రక్తం తాగేవి కావు. ద్రవము కంట్లో పడితే మంట పుట్టును. వెంటనే మంచినీటితో కడుగవలెను.

అసలు ముప్పు ఎక్కడ?

పాలలోని వెన్న చుట్టుపక్కల వాసనను తొందరగా పట్టుకుంటుంది. అందుకే కేంద్రంలో మూత తీయగానే ముందు వాసన చూస్తారు. ఒక సంఘానికి మేము తనిఖీకి వెళ్లిన సాయంత్రం ఒక సభ్యురాలి పాలు వాసన వల్ల తీసుకోలేదు. విచారించగా, పురుగుల బాధ పడలేక ముందటి రోజు పొలం మందు తెచ్చి కొట్టంలో చల్లినట్లు తెలిసింది. ఆ పూట పాల డబ్బులు పోయినందుకు ఆమె బాధపడింది. అయితే మాకు తోచిన భయం వేరు. వాసన వచ్చింది గనుక ఆ పాలు ఆగినవి. వాసన లేని మందయితే అవి అందరి పాలలో కలిసి, ఏ ఇంటి పసిపాప గ్లాసులోకో చేరేవి.

డి.డి.టి., బి.హెచ్.సి. వంటి మందులు పశువు కొవ్వులో నిలిచి, పాల ద్వారా బయటకు వచ్చేవి. డి.డి.టి.ని 1989లో వ్యవసాయం నుండి తొలగించారు. బి.హెచ్.సి.ని 1997లో నిషేధించారు. ఆ పాఠము మరువరాదు. నల్లి తెచ్చేది కంపు మాత్రమే. మనం చల్లే మందు తెచ్చేది విషము.

మందు లేకుండా చేయదగిన పనులు

1. పొద్దు గుంకే ముందే కిటికీలు, తలుపులు మూయవలెను. కిటికీలకు దోమల జాలి కొట్టించి, గోడ పగుళ్లు, దూలాల సందులు సున్నముతోనో సిమెంటుతోనో పూడ్చవలెను.

2. వాకిట్లో, కొట్టంలో తెల్లని బల్బుకు బదులు పసుపు వెలుగు బల్బు వాడినచో పురుగులు తక్కువగా వచ్చును. పాలు పితికే చోట నెత్తి మీద దీపం ఉండరాదు. కొంచెం ఎడంగా ఉంచవలెను.

3. వెడల్పు తట్టలో నీరు పోసి, బట్టల సబ్బు కరిగించి, ఇంటికి, కొట్టానికి దూరంగా పెట్టి, దాని పైన తెల్లని దీపము వేలాడదీయవలెను. ఒట్టి నీటిపై పురుగు తేలి ఎగిరిపోవును. సబ్బు నీటిలో మునిగి, ఊపిరి రంధ్రాలు మూసుకొని చచ్చును. ఇళ్లలో దూరే ఇటువంటి పురుగులపైనే అమెరికాలో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయము వారు 2014లో ఈ పద్ధతిని పరీక్షించి, కొన్న ఉచ్చుల కన్న ఇదే మేలని తేల్చారు.

4. గోడ మీది పురుగును నలపరాదు. చీపురుతో సబ్బు నీటి డబ్బాలోకి తోయవలెను.

5. గడ్డివాము, కట్టెల మోపు ఇంటి గోడకు ఆనించరాదు. వాటి సందులు పురుగులకు దాగే తావులు.

6. పితికిన వెంటనే పాలకు మూత పెట్టవలెను. కిరోసిను, ఫినాయిలు, కలరా ఉండలు పాల గిన్నెల దరికి రానీయరాదు. పురుగు పడిన పాలను వడగట్టి కేంద్రానికి తేవద్దు. వేరుగా ఉంచి కార్యదర్శికి చెప్పండి.

పొలములోనే అరికట్టుట

వరి పూతకు రాకముందు కంపు నల్లి గట్ల మీది ఊద వంటి గడ్డిపై బతుకును. పూతకు ముందే ఆ గడ్డి కోసినచో పొలములోను, ఇంటిలోను పురుగు తగ్గును. మందు అవసరమా కాదా అన్నది రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగి తెలుసుకొనవలెను. కొట్టిన పక్షంలో డబ్బా మీద వ్రాసిన గడువు తీరే వరకు ఆ పొలం గడ్డి పశువుకు వేయరాదు. మందు కలిపిన బకెట్టు పాలకు, కుడితికి ఎన్నడూ వాడరాదు.

పది ఇండ్ల పాలు ఒకే క్యానులో కలియును. ఒక చెంబు చెడితే క్యాను చెడును. క్యాను చెడితే పది ఇండ్ల కష్టం నేలపాలగును. కావున కార్యదర్శులు ఈ సంగతులను వరి ఈనక ముందే సంఘ సమావేశములో చదివి వినిపించవలసినదిగా, చదువురాని సభ్యులకు ప్రత్యేకముగా నచ్చజెప్పవలసినదిగా మా మనవి.