మందుల సరిపోలిక (అమెరికా నర్సింగ్ హోములు)

మందుల సరిపోలిక అనగా రోగి ఒక వైద్య సంస్థ నుండి మరొక సంస్థకు మారినప్పుడు, అంతవరకు వాడుతున్న మందులను కొత్తచోట ఇవ్వబోయే మందులతో పోల్చి, కనిపించిన తేడాలను వైద్యుని నిర్ణయంతో పరిష్కరించే ప్రక్రియ. ఆంగ్లంలో దీనిని మెడికేషన్ రికన్సిలియేషన్ అంటారు. అమెరికా నర్సింగ్ హోములలో కొత్తవారు చేరినప్పుడు ఈ పని ప్రధానంగా నర్సుల ద్వారా జరుగుతుంది. తెలుగునాట నర్సింగ్ హోమ్ అంటే సాధారణంగా చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో అది వృద్ధులు, దీర్ఘకాల రోగులు నివసించే సంరక్షణాలయం. అందుచేత అక్కడ ఉండేవారిని నివాసులు అని వ్యవహరిస్తారు.

నేపథ్యం

కొత్త నివాసులలో చాలామంది ఆసుపత్రి నుండి నేరుగా వస్తారు. ఆసుపత్రిలో కొన్ని పాత మందులను తాత్కాలికంగా ఆపుతారు, కొన్నింటిని మారుస్తారు, కొత్తవి చేరుస్తారు. ఫలితంగా డిశ్చార్జి పత్రం, పాత మందుల చీటీ, కుటుంబ సభ్యులు తెచ్చిన మందుల సంచి తరచుగా ఒకదానితో ఒకటి ఏకీభవించవు. ఆ సమయంలో వైద్యుడు భవనంలో ఉండటం అరుదు. అయితే నివాసి చేరేనాటికి తక్షణ సంరక్షణకు అవసరమైన వైద్యుని ఆదేశాలు ఉండి తీరాలని ఫెడరల్ నిబంధన. అందువలన నర్సు జాబితాను సరిచూసి వైద్యునికి ఫోను చేస్తుంది.

సరిచూసే విధానం

నర్సు ప్రతి మందు పేరు, మోతాదు, ఇచ్చే మార్గం, వేళ, కారణం నమోదు చేస్తుంది. అలర్జీలు, మూత్రపిండాల పనితీరు కూడా చూస్తుంది. చివరి మోతాదు ఎప్పుడు ఇచ్చారో ఆసుపత్రి నర్సును అడిగి తెలుసుకోవడం ముఖ్యం. అది తెలియకపోతే ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు వంటివి రెండుసార్లు పడవచ్చు, లేదా పూర్తిగా తప్పిపోవచ్చు.

తరచుగా కనిపించే తేడాలు:

* ఒకే మందు రెండు పేర్లతో ఉండటం. ఉదాహరణకు లాసిక్స్, ఫ్యూరోసెమైడ్ ఒకే మందు.
* ఆసుపత్రిలో పొరపాటున జారిపోయిన మందు. ఉదాహరణకు థైరాయిడ్ మాత్ర.
* అవసరం తీరినా కొనసాగుతున్న మందు. ఉదాహరణకు ఆసుపత్రిలో కలిగిన మతిభ్రమకు మొదలుపెట్టిన మానసిక వ్యాధుల మందు.
* వ్యవధిలో పొరపాటు. కీళ్లవాతానికి వారానికి ఒకసారి ఇచ్చే మెథోట్రెక్సేట్‌ను రోజూ ఇస్తే ప్రాణాపాయం కలుగుతుంది.

వైద్యునితో సంప్రదింపు

మందును ఆపే, మార్చే నిర్ణయం వైద్యునిదే. అయితే రెండు జాబితాలనూ పక్కపక్కన చూసేది నర్సు. కనుక "అన్నీ కొనసాగించమంటారా?" అని ఒక్కమాటలో అడగక, ఒక్కొక్క తేడాను విడిగా ప్రస్తావించవలసి ఉంటుంది. ఇందుకు ఎస్‌బార్ అనే క్రమాన్ని విస్తృతంగా వాడతారు: పరిస్థితి, నేపథ్యం, అంచనా, సూచన. అమెరికా నౌకాదళ అణు జలాంతర్గాములలో పుట్టిన ఈ పద్ధతిని తరువాత వైద్యరంగం స్వీకరించింది.

ఫోనులో చెప్పిన ఆదేశాన్ని నర్సు రాసుకొని, తిరిగి చదివి వినిపించి, వైద్యుని ధ్రువీకరణ పొందుతుంది. ఆంగ్లంలో పదిహేను, యాభై సంఖ్యల ఉచ్చారణ దగ్గరగా ఉంటుంది కనుక అంకెలను విడివిడిగా పలుకుతారు. తరువాత వైద్యుడు ఆ ఆదేశంపై సంతకం చేస్తాడు.

నిబంధనలు

నర్సింగ్ హోముల ప్రమాణాలకు 1987 నాటి సంస్కరణ చట్టం ఆధారం. 2005లో జాయింట్ కమిషన్ మందుల సరిపోలికను జాతీయ రోగి భద్రతా లక్ష్యాలలో చేర్చింది. 2016లో సవరించిన ఫెడరల్ నిబంధనల ప్రకారం, నివాసి చేరిన 48 గంటలలోగా ప్రాథమిక సంరక్షణ ప్రణాళిక సిద్ధం కావాలి. ఫార్మసిస్టు నెలకు కనీసం ఒకసారి మందులను సమీక్షించాలి. మందుల పొరపాట్ల రేటు 5 శాతం కంటే తక్కువగా ఉండాలి.

వైద్యుడు మొదటి 90 రోజులలో కనీసం 30 రోజులకు ఒకసారి నివాసిని చూడాలి. అనగా మొదటిరోజు ఫోనులో ఖరారైన జాబితాయే కొన్ని వారాలపాటు అమలులో ఉండే అవకాశం ఉంది.

పరిమితులు

సరిపోలిక జాబితాల మధ్య తేడాలను బయటపెడుతుంది. అన్ని జాబితాలలోనూ ఒకేలా ఉన్న తప్పును మాత్రం పట్టలేదు. అందువలన ప్రతి మందుకు ఎదురుగా కారణం రాయడం అవసరం. కారణం దొరకని మందు గురించి నర్సు వైద్యుని తప్పక అడగాలి.