చలిలో ఆటలు – ఒళ్ళు వెచ్చగా ఉండేదెట్లా?

ధనుర్మాసం ప్రవేశించిందంటే మన చెన్నపట్నం వారికి ఎక్కడలేని చలీ పుట్టుకొస్తుంది. తెల్లవారుజామున ముగ్గు వేసే ఇల్లాలి తలకు తువ్వాలు, పాలకు వెళ్ళే పెద్దాయన చెవులకు మఫ్లరు, బంతీ బ్యాటూ పుచ్చుకుని మైదానానికి పరుగెత్తే కుర్రవాడి నెత్తిన మంకీ టోపీ! తీరా చూస్తే ఆ వేళకు ఊళ్ళో ఉండేది 20 డిగ్రీలకు అటూ ఇటూ. నగర చరిత్రలో నమోదయిన అతి తక్కువ ఉష్ణోగ్రతే 13.9 డిగ్రీలు, అదీ 1905 జనవరి నాటి మాట. ఉత్తరాదివారు మనల్ని చూసి నవ్వుతారంటే నవ్వరూ మరి!

మేమూ నవ్వుకునేవాళ్ళమే. కాని ఒక ఏడాది మా రెండోవాడు బడి ఫుట్‌బాలు జట్టుతో ఊటీ వెళ్ళాక ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. ఊటీ అంటే రమారమి 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. జనవరిలో తెల్లవారేసరికి గడ్డిమీద మంచు పేరుకుంటుంది. వాళ్ళ అమ్మమ్మ చెప్పి పంపినట్టే మావాడు రెండు నూలు బనియన్లు, చొక్కా, దానిమీద లావుపాటి స్వెట్టరు తొడుక్కుని ఆటకు దిగాడు. సగం ఆట అయ్యేసరికి బనియన్లు పిండితే నీళ్ళు కారేటట్టు ఉన్నాయి. అప్పుడు వాడికి విశ్రాంతినిచ్చి ఇంకొకణ్ణి దింపారు. ఉక్కగా ఉందని స్వెట్టరు విప్పేసి, మబ్బూ ఈదురుగాలీ లెక్కచేయకుండా గట్టుమీద కూర్చున్నాడు. ఆట ముగిసే వేళకు ఒకటే వణుకు. బూటు లేసు కట్టుకోబోతే వేళ్ళు ఆడలేదు. మాట ముద్దగా వచ్చింది. డ్రిల్లు మాస్టారు కనిపెట్టి, గదిలోకి తీసుకుపోయి, తడిబట్టలు ఊడదీయించి, పొడిబట్టలు తొడిగి, కంబళి కప్పి, తియ్యని వేడిపాలు తాగించారు కనుక గండం గడిచింది.

తప్పు మాదే. చలికి బట్టలిచ్చి పంపాము గాని, చెమటకు మారుబట్ట ఇవ్వలేదు. తరువాత మాస్టారు మాతో అన్నది ఒకటే మాట: “చలికంటె తడి చెడ్డదండీ.”

ఆ మాటలో ఎంత సత్యమున్నదో పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. మన ఒంటి వేడి మామూలుగా 37 డిగ్రీలు. లోపలి వేడి 35 డిగ్రీలకంటె తగ్గితే ప్రమాదంలో పడ్డట్టే. బట్టలు తమంతట తాము వేడి పుట్టించవు. ఒంటికీ బట్టకూ నడుమ వేడెక్కిన గాలిని కదలకుండా పట్టి ఉంచుతాయి, అంతే. ఆ గాలి ఉండవలసిన చోట చెమట నిండితే, నీరు గాలికంటె 20 రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. నూలుబట్ట తడిని పీల్చుకుని ఒంటికి అంటుకుపోతుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. మన ఎండలకు ప్రాణం వంటి నూలు బనియను, చలి ఆటలో శత్రువవుతుందన్నమాట.

కనుక ఒక లావుపాటి స్వెట్టరుకు బదులు మూడు పలుచని పొరలు మేలు. ఒంటికి ఆనుకుని చెమటను పైకి పంపే సన్నని ఉన్ని బనియను గాని, ఆటగాళ్ళు వాడే పాలియెస్టరు బనియను గాని. దానిమీద వెచ్చదనానికి ఉన్ని. అన్నిటికీ పైన గాలినీ వాననూ ఆపే కోటు. ఆట మొదట్లో కొంచెం చలివేస్తూ ఉండాలి. అప్పుడే వెచ్చగా ఉంటే బట్టలు ఎక్కువైనట్టు. ఒళ్ళు వేడెక్కగానే, చెమట పట్టకముందే ఒక పొర విప్పాలి. ఆట ఆగగానే, చలి వెయ్యకముందే తిరిగి తొడుక్కోవాలి.

చేతి తొడుగుల్లో వేళ్ళన్నీ ఒకే సంచిలో ఉండేవి ఎక్కువ వెచ్చన. రెండు జతల మేజోళ్ళు ఇరికించి బూట్లు బిగిస్తే నెత్తురు ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. చలిలో దాహం తెలియదు. అయినా నీళ్ళు తాగుతూనే ఉండాలి. బ్రాందీ చుక్క వేడి చేస్తుందన్నది భ్రమ. అది నెత్తురును చర్మం దగ్గరకు తెచ్చి లోపలి వేడిని బయట పారేస్తుంది.

ఎండల్లో పుట్టిన మనకు చలి చేతకాదని బెంగపడనక్కరలేదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామంలో కూలి కుటుంబాన పుట్టిన మాలావత్ పూర్ణ, భువనగిరి బండమీద ఎక్కడం నేర్చి, డార్జిలింగులోనూ లదాఖు చలిలోనూ శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమె వయస్సు 13 ఏళ్ళ 11 నెలలు. ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనందకుమార్ కూడా ఆమెతోపాటు ఎక్కాడు. చలిని ఓర్చుకోవడం పుట్టుకతో రాలేదు, నేర్చుకుంటే వచ్చింది.

అయితే ఎంత నేర్చినా చలితో పంతం కూడదు. మన పొరుగు నెల్లూరు జిల్లావాడైన మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఉన్నత శిఖరాలూ ఎక్కిన ఘనుడు. 2015 మార్చిలో ఆండీసు పర్వతాల్లో ఒంటరిగా శిఖరానికి బయలుదేరి, తిరిగి రాలేదు. ఏప్రిల్‌లో ఆయన భౌతికకాయం దొరికింది. అంతటివాడికే దక్కని దయ మన పిల్లలకు దక్కుతుందని ఎట్లా అనుకోగలం?

అందుచేత ఆనవాళ్ళు తెలిసి ఉండాలి. వణుకు మొదటి హెచ్చరిక. వేళ్ళు తడబడి మాట ముద్దయితే ఆట తక్షణం ఆపాలి. వణికేవాడు వణకడం మాని మగతగా ఉంటే తగ్గిందని సంతోషించరాదు. వెంటనే వైద్యుని పిలవాలి. వేలికొసలు తెల్లబడి మొద్దుబారితే రుద్దకూడదు, నిప్పుసెగ చూపకూడదు.

ఈనాడు మన సంఘంలో ఎన్నో ఇళ్ళ మనవలు చికాగోలోనో టొరంటోలోనో మంచులో ఆడుకుంటున్నారు. ఇక్కణ్ణుంచి తాతయ్యలూ అమ్మమ్మలూ ఫోనులో, “ఇంకో స్వెట్టరు వేసుకో నాన్నా!” అని చెబుతూనే ఉంటారు. ఆ ప్రేమను కాదనము. ఈసారి దానికి తోడు ఇంకొక మాట కూడా అడగండి: “మార్చుకోవడానికి పొడి బనియను సంచిలో పెట్టుకున్నావా?”

ఆనాడు మేము అడగవలసింది అదే.