బొగ్గు ఊరు, పట్టు ఊరు

జపాను దేశపు ఉత్తర భాగమున హొక్కైదో అను పెద్ద దీవి కలదు. అందు కొండల నడుమ ఒక ఇరుకైన లోయలో యూబరి అను పట్టణమున్నది. 1960 సంవత్సరమున అచట సుమారు 1,17,000 మంది నివసించుచుండిరి. 2020 జనాభా లెక్కలనాటికి మిగిలినవారు సుమారు 7,300 మంది. శత్రువులు దండెత్తి రాలేదు, భూకంపము కూల్చలేదు, మహమ్మారి తుడిచిపెట్టలేదు. అయినను పదునారుగురు ఉన్నచోట ఒక్కరు మాత్రమే మిగిలిరి.

యూబరిని పుట్టించినది బొగ్గు. పందొమ్మిదవ శతాబ్ది చివర అచట గనుల త్రవ్వకము ఆరంభమైనది. రైళ్లకును, ఉక్కు కొలుములకును బొగ్గే ప్రాణమైన కాలమది. లోయ పొడవునను కార్మికుల ఇండ్ల వరుసలు, బడులు, అంగళ్లు వెలసినవి. కాని 1960 తరువాత విదేశములనుండి పెట్రోలియము చౌకగా దిగుమతి కాసాగినది. గనులు ఒక్కొక్కటిగా మూతపడినవి. 1981 అక్టోబరులో ఒక గనిలో వాయువు ఎగదన్ని, మంటలు చెలరేగి, 93 మంది అసువులు బాసిరి. 1990లో చివరి గనియు మూసివేయబడినది.

గనులు పోయినను పట్టణము పోరాదని పురపాలక సంఘమువారు తలచిరి. వినోద స్థలములు, మంచు క్రీడాస్థలములు, హోటళ్లు అప్పు తెచ్చి నిర్మించిరి. యాత్రికులు ఆశించినంతగా రాలేదు. అప్పులను ఒక పద్దునుండి మరియొక పద్దునకు మార్చుచు కొన్ని ఏండ్లు లోటును కనబడనీయలేదు. 2006లో ఆ గుట్టు బయటపడినది. తీర్చవలసిన మొత్తము మూడువేల ఐదువందల కోట్ల యెన్‌లకు పైబడినది. 2007 నుండి కేంద్ర ప్రభుత్వ పర్యవేక్షణలో యూబరి ఆ ఋణమును తీర్చసాగినది. ఉద్యోగుల జీతములు కోసిరి, గ్రంథాలయము మూసిరి, ఆసుపత్రిని చిన్న వైద్యశాలగా కుదించిరి. ప్రాథమిక పాఠశాలలన్నియు కలిసి ఒక్కటైనవి.

ఇదే దేశమున మరియొక పట్టణపు కథ వేరుగా నడచినది. నగోయా నగరమునకు సమీపమున కొరొమో అను ఊరు ఉండెడిది. పట్టుపురుగుల పెంపకము, పట్టుకాయల వ్యాపారము దాని జీవనాధారము. 1930 ప్రాంతమున ప్రపంచమంతట ఆర్థిక మాంద్యము వ్యాపించి పట్టు ధర పడిపోయినది. ఆ దినములలోనే నేతమగ్గముల యంత్రములు చేయు టొయోడా కుటుంబమువారు మోటారుకార్ల నిర్మాణమునకు పూనుకొనిరి. వారికి విశాలమైన స్థలము కావలసియుండెను. కొరొమో పెద్దలు తమ ఊరి శివారున పనికిరాక పడియున్న బీడును చూపి వారిని ఆహ్వానించిరి. 1938లో అచట కర్మాగారము వెలసినది. 1959లో ఆ ఊరు తన పాత పేరునే విడిచి టొయోటా నగరమైనది. నేడచట నాలుగు లక్షలకు మించిన జనులున్నారు.

ఒక ఊరు నిలుచుటకును, మరియొకటి క్షీణించుటకును ప్రజల శ్రద్ధాసక్తులే కారణమనుట న్యాయము కాదు. యూబరి కార్మికులు ఎవ్వరికిని తీసిపోని కష్టజీవులు. కాని వారి సంపద భూగర్భమున ఉండెను. దానిని వెలికితీసిన కంపెనీల కార్యాలయములు దూరమున ఉండెను. బొగ్గు గిట్టుబాటు కానినాడు కంపెనీలు తరలిపోయినవి, పట్టణము మిగిలిపోయినది. కొరొమోకు మైదానమున్నది, చెంతనే మహానగరమున్నది. అన్నింటికి మించి, మగ్గమును మలచిన చేతులే మోటారును మలచగలిగినవి. ఒక వృత్తిలో గడించిన నేర్పు మరియొక వృత్తికి నిచ్చెన అయినది.

ఈ రెండు ఊళ్లకును పైన టోక్యో యొక్క ఆకర్షణ ఉన్నది. జపాను ప్రజలలో ప్రతి పదుగురిలో సుమారు ముగ్గురు ఆ రాజధానిలోను, దాని చుట్టునున్న మూడు మండలములలోను నివసించుచున్నారు. పెద్ద కంపెనీల కార్యాలయములు, విశ్వవిద్యాలయములు అచట కిక్కిరిసియున్నవి. పల్లెటూరి బిడ్డను చదివించి పెద్దచేయు వ్యయము పల్లెది. ఆ బిడ్డ ఆర్జనవలన కలుగు లాభము రాజధానిది. దేశములోని చిన్న పట్టణములన్నిటికిని ఇదియే తీరని బాధ.

అయినను యూబరి చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. అచటి రైతులు 1960 ప్రాంతమున రెండు జాతులను సంకరము చేసి నారింజవన్నె కండగల ఖర్బూజాను పండించిరి. 2019లో జరిగిన వేలములో ఆ పండ్ల జత ఒకటి యాబది లక్షల యెన్‌లు పలికినది. లోయ పొడవునను చెదరియున్న నివాసములను ఒక్కచోటికి చేర్చుటకు పురపాలక సంఘము పూనుకొన్నది. 2011లో ముప్పది ఏండ్ల ప్రాయమున యూబరికి మేయరైన సుజుకి నవొమిచి, టోక్యోనుండి సహాయార్థము పంపబడిన చిరుద్యోగి. 2019లో హొక్కైదో గవర్నరుగా ఎన్నికైనాడు.

టొయోటా నగరమునకును నేడు ఆలోచింపదగిన కాలమే. పెట్రోలు మోటారు స్థానమున విద్యుత్తు మోటారు ప్రవేశించుచున్నది. ఒక్క వృత్తిపై నిలిచిన ఊరు ఆ వృత్తి సాగినంతకాలము రాణించును. 1960లో యూబరి వీధులలో నడచిన బాలుని పిలిచి, నీ ఊరు ఇట్లగునని చెప్పినచో ఎవ్వరును నమ్మియుండరు. నాడు ఎన్నో బడులలో మ్రోగిన గంట నేడు ఒక్క బడిలో మ్రోగుచున్నది. అందు చదువుకొనుచున్న బిడ్డలు బొగ్గు పేరును పాఠములోనే ఎరుగుదురు. వారు తమ ఊరిలో నిలుచుటకు తగిన పని చూపగలుగుటయే ఆ పట్టణము తీర్చుకొనవలసిన అసలు ఋణము.