తుంటి విరుపు వెనక విటమిన్ ఎ

పాలు ధారాళంగా తాగే దేశాల్లో ముసలివాళ్ల తుంటి ఎముకలు అంత ఎక్కువగా ఎందుకు విరుగుతున్నాయన్నది స్వీడన్, నార్వే వైద్యుల్ని చాలాకాలం వేధించిన ప్రశ్న. 1998లో స్వీడన్ పరిశోధకులు విటమిన్ ఎ వైపు వేలు చూపించారు. కాడ్ చేప కాలేయపు నూనె ద్వారా, విటమిన్ ఎ కలిపిన పాల ద్వారా అక్కడివాళ్ల ఒంట్లోకి రెటినాల్, అంటే సిద్ధరూపంలోని విటమిన్ ఎ, ఎక్కువగా చేరుతుంది. రోజుకు 1.5 మిల్లీగ్రాములకు మించి తీసుకునే మహిళల్లో తుంటి ఎముక మెడభాగం సాంద్రత, అర మిల్లీగ్రాము లోపు తీసుకునేవారికంటే 10 శాతం తక్కువని, విరిగే ముప్పు రెట్టింపని తేలింది. నాలుగేళ్ల తర్వాత అమెరికాలో 72 వేల మందికి పైగా నర్సుల్ని 18 ఏళ్లు గమనించిన అధ్యయనం కూడా దాదాపు ఇదే చెప్పింది. కూరగాయల్లో ఉండే బీటా కెరోటిన్ ఎక్కువగా తిన్న నర్సుల్లో మాత్రం చెప్పుకోదగ్గ ముప్పు కనిపించలేదు. మొత్తం వ్యవహారానికి ఇదే కీలకమని నా అభిప్రాయం. భయపడాల్సింది కూరగాయల్ని చూసి కాదు, లెక్కాపత్రం లేకుండా మింగే రెటినాల్‌ను చూసి.

బొప్పాయి, మునగాకు, తోటకూర, గుమ్మడిలోని కెరోటిన్‌ను శరీరం తన అవసరం మేరకే విటమిన్ ఎగా మార్చుకుంటుంది. మరీ ఎక్కువ తింటే అరచేతులు పసుపు రంగుకు తిరుగుతాయి, అంతే. రెటినాల్‌కు ఆ అడ్డుకట్ట లేదు. కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి మిగిలింది మూత్రంలో పోకుండా కాలేయంలో పోగవుతుంది. దాన్నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం మితిమీరితే ఎముకను కరిగించే కణాలు చురుకెక్కుతాయి, కొత్త ఎముకను కట్టే కణాలు మందగిస్తాయి. క్యాల్షియం విషయంలో విటమిన్ డి చేసే పనికీ అది అడ్డుతగులుతుంది. పశువుల్లో ఈ నష్టం కంటికే కనిపిస్తుంది. విటమిన్ ఎ, డి మితిమీరి ఇచ్చిన దూడల్లో వెనక కాళ్ల ఎముకలు సాగే చోటు ముందుగానే మూసుకుపోతుంది. ముందు భాగం ఎదుగుతూనే ఉంటుంది, వెనక భాగం కుంగిపోతుంది. దుమ్ములగొండి వాలకం వస్తుంది కనుక దానికి హైనా వ్యాధి అని పేరు పెట్టారు.

ఏం తిన్నారో అడిగి రాసుకున్న లెక్కల్ని ఎంతవరకు నమ్మాలి అన్న అభ్యంతరం న్యాయమైనదే. 2003లో స్వీడన్‌లోని ఉప్సాలా పరిశోధకులు ప్రకటించిన ఫలితాలకు అందుకే విలువ. యాభై ఏళ్ల వయసులో 2,322 మంది మగవాళ్ల రక్తం తీసి, తర్వాత 30 ఏళ్ల పాటు ఎవరి ఎముకలు విరిగాయో చూశారు. రక్తంలో రెటినాల్ అత్యధికంగా ఉన్న అయిదో వంతు మందికి, మధ్యస్థంగా ఉన్నవారికంటే ఎముకలు విరిగే ముప్పు 64 శాతం ఎక్కువ. రక్తంలో ఈ మోతాదును కాలేయం అదుపులో పెడుతుంది కాబట్టి తిండికి ఇది నేరుగా కొలత కాదన్నది నిజమే. అమెరికాలోనే మరో పెద్ద అధ్యయనం 2009లో మొత్తం మీద అలాంటి సంబంధం లేదని చెప్పింది. కానీ అందులోనే, విటమిన్ డి తక్కువగా తీసుకునే మహిళల్లో విటమిన్ ఎ ఎక్కువైతే ముప్పు కాస్త పెరిగింది. విటమిన్ డి లోపం ఇంత విస్తారంగా ఉన్న మన దేశంలో ఆ మినహాయింపును పక్కన పెట్టడం నాకు సబబుగా తోచదు.

విటమిన్ ఎ లోపంతో పిల్లల కళ్లు పోయిన దేశంలో ఎక్కువైందని హెచ్చరించడమేమిటని అడగవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన కృషి ఆధారంగా 1970లో మొదలైన కార్యక్రమం చిన్నపిల్లలకు ఆరు నెలలకోసారి 2 లక్షల అంతర్జాతీయ యూనిట్ల (ఐయూ) మోతాదు ఇస్తూ వచ్చింది. అది నిల్వలు అడుగంటిన పసివాళ్లకు ఎడం పాటించి పోసే మందు. అరవై దాటిన మనిషి బలానికని రోజూ వేసుకునే క్యాప్సూల్ సంగతి పూర్తిగా వేరు. మన ప్రమాణాల ప్రకారం రోజుకు మగవారికి 1,000, ఆడవారికి 840 మైక్రోగ్రాములు చాలు. 3,000 దాటకూడదు. వంద గ్రాముల పచ్చి గొర్రె కార్జంలోనే దాదాపు 7,000 ఉంటుంది. ఎప్పుడో ఒకసారి కార్జం వేపుడు తింటే వచ్చే నష్టమేమీ లేదు. వారం వారం తింటూ, పైన చేప కాలేయపు నూనె, మల్టీవిటమిన్ గోళీ కూడా నెలల తరబడి వాడేవారు మాత్రం అన్నీ కలిపి లెక్క వేసుకోవాలి. విటమిన్లు కలిపిన వంటనూనె, ప్యాకెట్ పాల వాటా చిన్నదే అయినా అదీ ఇందులోకే వస్తుంది. సీసా మీద రెటినిల్ పామిటేట్ లేదా అసిటేట్ అని ఉంటే అది రెటినాల్ కోవకు చెందినదే. మోతాదు ఐయూలలో రాసి ఉంటే 3.33తో భాగిస్తే మైక్రోగ్రాములు వస్తాయి. 25,000 ఐయూ క్యాప్సూల్ ఒక్కటంటే 7,500 మైక్రోగ్రాములు, రోజువారీ గరిష్ఠ పరిమితికి రెండున్నర రెట్లు.