ఊళ్లో అకౌంట్, సిటీలో చదువు: అశోక్‌నగర్ అభ్యర్థులు తెలుసుకోవాల్సిన బ్యాంకు నిబంధనలు ఇవీ

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, నారాయణగూడ, ముషీరాబాద్ హాస్టళ్లు... ఉద్యోగ పరీక్షల కోసం జిల్లాల నుంచి వచ్చే యువతీయువకుల అడ్డా ఇది. ఇక్కడ ఉంటున్న చాలామందికి బ్యాంకు అకౌంట్ మాత్రం సొంతూళ్లోనే ఉంటుంది. ఇంటి నుంచి వచ్చే డబ్బు, స్కాలర్‌షిప్, పరీక్ష ఫీజు అన్నీ దాని మీదే నడుస్తాయి. ఆ ఒక్క అకౌంట్ ఆగిపోతే మెస్ బిల్లు నుంచి దరఖాస్తు గడువు దాకా అన్నీ ఆగిపోతాయి. అందుకే తెలుసుకోవాల్సిన ముఖ్యమైన విషయాలు ఇక్కడ ఇస్తున్నాం.

ఊళ్లోని అకౌంట్‌ను ఇక్కడికి మార్చుకోవాలా?

తప్పనిసరి కాదు. కోర్ బ్యాంకింగ్ వచ్చాక మీ బ్యాంకుకు చెందిన ఏ బ్రాంచిలోనైనా చాలా పనులు చేసుకోవచ్చు. కేవైసీ వివరాలను కూడా ఆ బ్యాంకు ఏ బ్రాంచిలోనైనా అప్‌డేట్ చేయించుకోవచ్చు. దీనికోసం ఊరికి వెళ్లాల్సిన పనిలేదు. అడ్రస్‌లో గానీ, ఇతర వివరాల్లో గానీ మార్పు లేకపోతే ఆ మాట చెబుతూ ఒక డిక్లరేషన్ ఇస్తే సరిపోతుంది.

హాస్టల్‌లో ఉండేవారికి అడ్రస్ ప్రూఫ్ ఉండదు కదా అన్న సందేహం సహజం. ఆధార్‌లో ఊరి చిరునామా ఉండి, ప్రస్తుతం ఉంటున్న చోటు వేరైతే, దాన్ని మీరే రాసిచ్చే వీలును ఆర్బీఐ కేవైసీ నిబంధనలు కల్పిస్తున్నాయి.

గ్రామీణ బ్యాంకు ఖాతాదారులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు తెలంగాణలో ఉన్న బ్రాంచీలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయాయి. అంతకుముందు 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో విలీనమయ్యాయి. కాబట్టి పాత పాస్‌బుక్ చూసి ఐఎఫ్ఎస్‌సీ కోడ్ రాయకండి. దరఖాస్తు నింపే ముందు బ్యాంకు యాప్‌లో గానీ, బ్రాంచిలో గానీ సరిచూసుకోండి. కోడ్ తప్పితే రావాల్సిన డబ్బు ఆగిపోవచ్చు.

మినిమం బ్యాలెన్స్ లేకపోతే?

ఇది బ్యాంకును బట్టి మారుతుంది. ఎస్‌బీఐ 2020 మార్చిలోనే సేవింగ్స్ అకౌంట్లకు ఈ నిబంధన తీసేసింది. కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు వంటివి 2025లో అదే బాట పట్టాయి. చాలా ప్రైవేటు బ్యాంకుల్లో మాత్రం ఈ షరతు ఇంకా ఉంది.

షరతు ఉన్నచోట కూడా బ్యాంకు ఇష్టమొచ్చినట్టు కోత పెట్టడానికి లేదు. బ్యాలెన్స్ తగ్గిందని ముందుగా తెలియజేయాలి, సరిచేసుకోవడానికి కనీసం నెల గడువు ఇవ్వాలి. ఎంత తగ్గిందో దాన్ని బట్టే జరిమానా ఉండాలి. ఈ జరిమానాల వల్ల అకౌంట్ మైనస్‌లోకి వెళ్లకూడదు.

ఈ గొడవే వద్దనుకుంటే బేసిక్ సేవింగ్స్ అకౌంట్ అడగండి. దీనికి మినిమం బ్యాలెన్స్ ఉండదు, ఏటీఎం కార్డు ఉచితం. నెలకు కనీసం నాలుగుసార్లు చార్జీ లేకుండా డబ్బు తీసుకోవచ్చు. జన్‌ధన్ ఖాతాలు కూడా ఈ రకానివే. అయితే ఈ అకౌంట్ ఉన్న బ్యాంకులో మరో సేవింగ్స్ అకౌంట్ పెట్టుకోకూడదు.

ఏటీఎంలో ఎన్నిసార్లు ఉచితం?

మామూలు సేవింగ్స్ అకౌంట్ అయితే సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు ఐదుసార్లు ఉచితం. వేరే బ్యాంకు ఏటీఎంలో జిల్లాల్లో ఐదుసార్లు, హైదరాబాద్ వంటి ఆరు మెట్రో నగరాల్లో మూడుసార్లే ఉచితం. మీ అకౌంట్ ఏ ఊళ్లో ఉందన్నది కాదు, ఏటీఎం ఎక్కడుందన్నదే లెక్క. వేరే బ్యాంకు ఏటీఎంలో బ్యాలెన్స్ చూసుకున్నా అది ఒకసారి కిందే వస్తుంది. పరిమితి దాటితే 2025 మే 1 నుంచి ఒక్కోసారికి రూ.23 వరకు, దానిపై పన్ను వసూలు చేయవచ్చు.

డబ్బు రాకుండానే అకౌంట్‌లో కట్ అయితే ఐదు రోజుల్లోగా బ్యాంకు తిరిగి జమ చేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలి. యూపీఐలో ఒకరికి పంపిన డబ్బు మీ దగ్గర కట్ అయి వారికి చేరకపోతే గడువు మరుసటి రోజు వరకే. ఇక్కడా అదే పరిహారం వర్తిస్తుంది. ఈ నిబంధన 2019 నుంచి ఉంది.

రెండో అకౌంట్ తెరిస్తే స్కాలర్‌షిప్ ఎక్కడ పడుతుంది?

చాలామంది ఇక్కడే ఇబ్బంది పడతారు. ఆధార్ ఆధారంగా వచ్చే ప్రభుత్వ సొమ్ము ఒకే ఒక్క బ్యాంకు ఖాతాకు వెళుతుంది. మీకు మూడు అకౌంట్లు ఉండి, మూడింటికీ ఆధార్ ఇచ్చినా, డబ్బు కోసం మ్యాపింగ్ ఉండేది ఒక్కదానికే. సిటీలో కొత్త అకౌంట్ తెరిచేటప్పుడు సబ్సిడీలు ఇందులో పడాలని ఫారంలో టిక్ పెడితే మ్యాపింగ్ కొత్త బ్యాంకుకు మారిపోతుంది. స్కాలర్‌షిప్ రాలేదని ఊళ్లో పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుంటూ ఉంటే, డబ్బు ఇక్కడి అకౌంట్‌లో పడి ఉంటుంది. మై ఆధార్ పోర్టల్‌లో లాగిన్ అయి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకు ఉందో తెలుస్తుంది.

వాడకుండా వదిలేసిన అకౌంట్ సంగతేంటి?

రెండేళ్ల పాటు మీరు ఎలాంటి లావాదేవీ చేయకపోతే అకౌంట్ ఇనాపరేటివ్ అవుతుంది. డబ్బు ఎక్కడికీ పోదు, వడ్డీ పడుతూనే ఉంటుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆర్బీఐ నిబంధనల ప్రకారం దాన్ని మళ్లీ తెరవడానికి చార్జీ తీసుకోకూడదు, అలాంటి ఖాతాలో మినిమం బ్యాలెన్స్ జరిమానా వేయకూడదు. పదేళ్లు దాటితే సొమ్ము ఆర్బీఐ నిర్వహించే నిధికి వెళుతుంది. అప్పుడైనా అడిగి తీసుకోవచ్చు. అమ్మానాన్నల పాత ఖాతాలను వెతకడానికి ఉద్గమ్ పోర్టల్ ఉంది.

'అకౌంట్ అద్దెకు ఇస్తే నెలకింత' అని ఎవరైనా అడిగితే?

ఒప్పుకోవద్దు. ఖర్చులకు ఇబ్బంది పడే విద్యార్థులే సైబర్ మోసగాళ్లకు సులువుగా దొరుకుతారు. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఇస్తే కమీషన్ ఇస్తామంటారు. మోసపోయినవారి డబ్బు ఆ ఖాతాలోంచే దాటుతుంది. పోలీసుల దర్యాప్తు ఖాతా ఎవరి పేరున ఉందో అక్కడి నుంచే మొదలవుతుంది. నాకేమీ తెలియదన్నా ముందు అకౌంట్ ఫ్రీజ్ అవుతుంది, కేసు కూడా నమోదు కావచ్చు. ప్రభుత్వ ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో కేసుల వివరాలు అడుగుతారు. ఏళ్ల తరబడి చదివిన చదువు నాలుగు వేల కమీషన్ దగ్గర చిక్కుకుపోతుంది.

మన డబ్బే పోతే?

వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ వెంటనే బ్యాంకుకూ తెలిపి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. 2017 జులైలో ఆర్బీఐ ఇచ్చిన నిబంధన ప్రకారం, మీ తప్పు గానీ, బ్యాంకు తప్పు గానీ లేకుండా డబ్బు పోయినప్పుడు మూడు పనిదినాల్లోగా చెబితే నష్టం మీపై పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు మీ నష్టం రూ.10 వేలకు మించదు. ఓటీపీ, పిన్ మీరే చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకు తెలిపేంత వరకు పోయింది మీ ఖాతాలోదే.

బ్యాంకు పట్టించుకోకపోతే?

ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఆర్బీఐ సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు, దీనికి ఫీజు లేదు, లాయర్ అవసరం లేదు. వివరాలకు 14448కి ఫోన్ చేయవచ్చు.

ఈ వారంలో చేయాల్సిన పనులు మూడు: ఖాతాకు ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరే ఉందో లేదో చూడటం, ఆధార్ మ్యాపింగ్ సరిచూసుకోవడం, నామినీ పేరు రాయించడం. 2025 నవంబర్ 1 నుంచి నలుగురి వరకు నామినీలుగా పెట్టుకోవచ్చు.