చెట్టుకు చెట్టు: లెక్క ఎక్కడ తప్పుతోంది?

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, సముద్రం ఒడ్డున గట్టు కట్టేటప్పుడు, తుఫాను తర్వాత వీధులు శుభ్రం చేసేటప్పుడు అధికారుల నోట తప్పకుండా వినిపించే మాట ఒకటి ఉంది. "ఒక చెట్టు తీస్తే రెండు మొక్కలు నాటుతాం." వినడానికి బాగానే ఉంటుంది. కానీ పదో తరగతి లెక్కలు చదివిన మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఈ లెక్కను తేలికగా పరీక్షించవచ్చు.

రోడ్డు పక్కన ఉన్న ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు గొడుగు అడ్డంగా 12 మీటర్లు ఉందనుకుందాం. వ్యాసార్థం 6 మీటర్లు. దాని కింద నీడ సుమారు 113 చదరపు మీటర్లు. కొత్తగా నాటిన మొక్క తల అడ్డంగా ఒక మీటరు ఉంటే గొప్ప. దాని నీడ ఒక చదరపు మీటరు కూడా ఉండదు. అంటే పోయిన నీడ ఆ రోజే తిరిగి రావాలంటే 144 మొక్కలు కావాలి. రెండు మొక్కలు ఎదిగి ఆ పని చేయాలంటే పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. అదీ రెండూ బతికితే. కాబట్టి చెట్లను తలకాయలు లెక్కపెట్టినట్టు లెక్కపెడితే కాగితం మీద లాభం, రోడ్డు మీద నష్టం కనబడుతుంది.

ఈ నష్టం అందరికీ సమానంగా రాదు. కారులో వెళ్లే వారికి చెట్టు పోయిన సంగతి రెండో రోజుకు గుర్తుండదు. దాని కింద చెప్పులు కుట్టే ఆయన, మజ్జిగ అమ్మే అమ్మ, కూలి అడ్డాలో నిలబడే మన తల్లిదండ్రులు, ఆటో స్టాండు వాళ్లు, బస్సు కోసం చూసే పిల్లలు మాత్రం ఆ రోజు నుంచే ఎండలో ఉంటారు. గదులు చాలక వేసవిలో స్టడీ అవర్ చెట్టు కిందకు మారిన రోజులు మన పూర్వ విద్యార్థులలో చాలామందికి గుర్తే ఉంటాయి. అందుకే ఈ విషయం మన సంచికలో ఉండదగినదని అనుకున్నాను.

మన దగ్గరి ఉదాహరణ విశాఖపట్నం. 2014 అక్టోబర్ 12 ఆదివారం నాడు హుద్‌హుద్ తుఫాను అక్కడే తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దాకా ఉంది. తుఫాను కన్ను నగరం మీదుగానే పోవడంతో గాలి ముందు ఒక దిక్కు నుంచి కొట్టింది, కాసేపు ఆగింది, ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి కొట్టింది. మొదటి దెబ్బకు వదులైన చెట్లు రెండో దెబ్బకు కూలాయి. బీచ్ రోడ్డు, ఉడా పార్కు, ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణ, జూ, కంబాలకొండ, ఎటు చూసినా పడిపోయిన చెట్లే. నిలబడిన చెట్లకు కూడా ఉప్పు గాలికి ఆకులు మాడిపోయాయి. పచ్చగా ఉండే కైలాసగిరి గోధుమ రంగుకు తిరిగింది.

గాలి అంత ఉంటే ఏ చెట్టయినా పడుతుంది కదా అనవచ్చు. కొంత నిజమే. కానీ చెట్టు పడడానికి మనం చేసే సాయం కూడా చాలా ఉంది. చెట్టు వేళ్లు పాతాళానికి పోతాయని మనం అనుకుంటాం. నిజానికి చాలా చెట్ల వేళ్లలో ఎక్కువ భాగం పైన ఉన్న రెండు మూడు అడుగుల మట్టిలోనే అడ్డంగా పరుచుకుంటాయి. కేబుల్ కోసం, మంచినీళ్ల పైపు కోసం, మురుగు కాలువ కోసం తవ్విన ప్రతిసారీ ఒక వైపు వేళ్లు తెగుతాయి. మిగిలిన చోట మొదలు దాకా సిమెంటు పోస్తారు. ఇక నీరు, గాలి లోపలికి పోవు. పైన కరెంటు తీగలు ఉన్న వైపు కొమ్మలన్నీ నరికి, రెండో వైపు వదిలేస్తారు. బరువు ఒక పక్కకు ఒరుగుతుంది. అలాంటి చెట్టుకు పెద్ద గాలి కూడా అక్కర్లేదు. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మన పట్టణాలలో అది పాటించిన వీధి ఎక్కడైనా ఉందేమో మీరే చూడండి.

మరో కారణం నర్సరీలో మొదలవుతుంది. నల్ల పాలిథిన్ సంచిలో మొక్క ఎక్కువ కాలం ఉండిపోతే వేరు దారి లేక సంచిలోనే గుండ్రంగా చుట్టుకుంటుంది. దాన్ని అలాగే నాటితే నేలలోనూ వేరు ఆ చుట్టులోనే లావెక్కుతుంది. పైకి చెట్టు ఏపుగా కనబడుతుంది, కింద పట్టు ఉండదు.

జాతిని బట్టి కూడా తేడా ఉంటుంది. ఎర్ర తురాయి, పచ్చపూల తురాయి, నిద్రగన్నేరు త్వరగా పెరిగి పెద్ద గొడుగు పడతాయి. కొమ్మలు పెళుసు. వేప, చింత, కానుగ నెమ్మదిగా పెరుగుతాయి, గాలికి బాగా ఆగుతాయి. సముద్రం ఒడ్డున ఉప్పు గాలిని తట్టుకోవడానికి పొన్న, గంగరావి, బాదం ఉన్నాయి. అమెరికాలోని ఫ్లోరిడా శాస్త్రజ్ఞులు వరుసగా అనేక తుఫానుల తర్వాత పరిశీలించి, ఒంటరిగా ఉన్న చెట్టు కంటే గుంపుగా ఉన్న చెట్లు బాగా నిలబడ్డాయని చెప్పారు. కొబ్బరి, తాటి జాతి చెట్లు గాలికి బాగా ఆగుతాయని కూడా అంటారు. అయితే దాన్ని కూడా పూర్తిగా నమ్ముకోలేం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటలు ఎలా నేలమట్టమయ్యాయో ఆ ప్రాంతం నుంచి వచ్చిన మన మిత్రులకు నేను చెప్పనక్కరలేదు.

హుద్‌హుద్ తర్వాత విశాఖలో జోరుగా మొక్కలు నాటారు. ఆ జోరులో ఏడాకుల పాల చెట్టు పెద్ద సంఖ్యలో వచ్చి పడింది. ఇది మన దేశపు చెట్టే. త్వరగా పెరుగుతుంది, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, పాలు కారుతుంది కాబట్టి పశువులు ముట్టవు. నాటేవారికి ఇంతకంటే ఏం కావాలి? పూర్వం దీని చెక్కతో బడి పిల్లలకు పలకలు చేసేవారు. దాని శాస్త్రీయ నామంలో 'స్కాలారిస్' అనే మాట అందుకే వచ్చింది. శాంతినికేతన్‌లోని విశ్వభారతిలో పట్టం పుచ్చుకునే విద్యార్థులకు ఈ చెట్టు ఆకులే ఇచ్చేవారు. ఇంత చదువుకున్న చెట్టు విశాఖలో మాత్రం చెడ్డ పేరు తెచ్చుకుంది. చలికాలం మొదట్లో ఒక్కసారిగా పూస్తుంది. రాత్రి పూట ఘాటైన వాసన. ఒకటి రెండు చెట్లుంటే పరిమళం, వీధి పొడవునా అవే ఉంటే తలనొప్పి. ఉబ్బసం ఉన్నవారు ఇబ్బంది పడుతున్నామని ఫిర్యాదులు చేశారు. వీటిని తీసి వేరే చెట్లు పెట్టాలన్న మాట మొదలైంది. అంటే పడిపోయిన చెట్లకు బదులు పెట్టిన చెట్లకు మళ్లీ బదులు!

కోనోకార్పస్ కథ కూడా ఇలాంటిదే. రోడ్ల మధ్య డివైడర్లలో కత్తిరించిన గోడలా పచ్చగా కనబడే విదేశీ మొక్క అది. దీన్ని నాటవద్దని తెలంగాణలో 2022లో, గుజరాత్‌లో 2023లో ప్రభుత్వాలు చెప్పాయి. విదేశీ మొక్క చెడ్డది, స్వదేశీ మొక్క మంచిది అని మనం వ్యాసరచన పోటీల్లో రాస్తుంటాం. ఏడాకుల పాల ఆ వాక్యానికి ఒప్పుకోదు. ఒకే జాతిని ఊరంతా నింపడంలో తప్పుంది. రోగం వచ్చినా, గాలి వచ్చినా, పూత వచ్చినా అన్నీ ఒకేసారి.

ఇక తుఫాను దెబ్బ తిన్న మరో తీర నగరం సంగతి. 2012 అక్టోబర్ 29న శాండీ తుఫాను న్యూయార్క్‌ను ముంచింది. అక్కడ ఈస్ట్ రివర్ ఒడ్డున 1939లో తెరిచిన పెద్ద పార్కు ఉంది. పేరుకు నది గాని అది సముద్రపు పాయ. పార్కుకు ఆనుకుని ప్రభుత్వం కట్టించిన ఇళ్లలో తక్కువ ఆదాయం గల కుటుంబాలు వేల సంఖ్యలో ఉంటాయి. వరద నీరు వాళ్ల ఇళ్ల దాకా వచ్చింది, కరెంటు పోయింది. మళ్లీ అలా జరగకుండా పార్కు నేలనే దాదాపు 8 అడుగులు పైకి లేపాలని నగర పాలక సంస్థ నిర్ణయించింది. నేల లేపాలంటే చెట్లు ఉండకూడదు. సుమారు 1,000 చెట్లు తీసి, తర్వాత 1,800 దాకా నాటుతామన్నారు. కొందరు చెట్లను కౌగిలించుకుని, కోర్టుకు వెళ్లి ఎదిరించారు. వరదకు భయపడినవారు పని త్వరగా చేయమన్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. చివరకు పార్కు మొత్తం ఒకేసారి మూయకుండా భాగాలుగా పని చేయడానికి 2019లో ఒప్పుకున్నారు. 2021 డిసెంబరులో చెట్లు కొట్టడం మొదలైంది. 2025లో కొంత భాగం తిరిగి తెరిచారు. పచ్చిక ఉంది, ఆట స్థలాలు ఉన్నాయి, మొక్కలు చిన్నవి. నీడకు ఇంకా ఏళ్లు పడుతుంది.

ఆ భాగాలుగా చేయడమే మనం గమనించవలసిన సంగతి అని నా అభిప్రాయం. పనికిరాని చెట్టయినా, ప్రమాదకరమైన చెట్టయినా, తీయక తప్పనప్పుడు ముందు పక్కన మొక్క నాటి, అది తల ఎత్తాక పాతది తీయవచ్చు. వరుసలో ఒకటి విడిచి ఒకటి తీయవచ్చు. ప్రమాదం రేపే ఉంటే తప్ప ఇందుకు అడ్డేమీ లేదు. పడిపోయిన రావి, మర్రి లాంటివైతే కొమ్మలు తగ్గించి మళ్లీ నిలబెడితే చాలాసార్లు చిగురిస్తాయి. మన రాష్ట్రాల్లో 2002 నాటి వాల్టా చట్టం ఉంది. చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలి, బదులు మొక్కలు నాటాలి. మీ వీధిలో చెట్టు మీద గొడ్డలి పడితే అనుమతి కాగితం చూపమని అడిగే హక్కు మీకుంది. మర్యాదగా అడగండి, వార్డెన్ గారిని గానీ, ఉపాధ్యాయులను గానీ వెంట తీసుకెళ్లండి.

హాస్టల్ సంగతికి వస్తే, వనమహోత్సవం 1950లో మొదలైంది. ప్రతి ఏటా జులైలో ఫొటో తీసుకుని, కిందటి ఏడు నాటిన గుంతలోనే మళ్లీ నాటే హాస్టళ్లు ఎన్నో. మొక్క చచ్చేది నాటినవారికి శ్రద్ధ లేక కాదు. ఏప్రిల్ చివర హాస్టల్ మూస్తాం, జూన్‌లో తెరుస్తాం. ఆ ఏడు వారాల ఎండే మొక్కకు అన్నిటికంటే కష్టకాలం, అప్పుడు నీళ్లు పోసేవారు ఉండరు. దీనికి పాత పద్ధతి ఒకటి పనికొస్తుంది. మొక్కకు అర మీటరు దూరంలో మెరుగు పూత లేని మట్టికుండను మెడ దాకా పాతిపెట్టి, నీళ్లు నింపి, పైన మూత పెట్టాలి. కుండ గోడల నుంచి తేమ మెల్లగా వేళ్లకు అందుతుంది. వారానికి రెండు సార్లు నింపితే చాలు. వాచ్‌మన్ గారితో గానీ, ఆ ఊళ్లోనే ఉండే డే స్కాలర్ మిత్రులతో గానీ ముందే మాట్లాడుకోవాలి. నాటేటప్పుడు సంచి అడుగున చుట్టుకున్న వేరును బ్లేడుతో కోసి విడదీయాలి, మొదలు చుట్టూ ఒక మీటరు సిమెంటు లేకుండా వదలాలి. మూడు వేసవులు ఇలా గడిస్తే నాలుగో ఏటికి కుండ తీసి పక్క మొక్కకు పాతుకోవచ్చు.