క్రై అంటే ఏడుపు ఒక్కటేనా?

ఈ ఎపిసోడ్‌లో మనకి ఎల్‌కేజీ నుంచీ తెలిసిన ఒక ఇంగ్లీష్ పదం తీసుకుందాం. క్రై. అర్థం ఏంటి అని అడిగితే ఎవరైనా టక్కున "ఏడవడం" అంటారు. కరెక్టే. కానీ ఆ పదానికి మొదట ఉన్న అర్థం ఏడవడం కాదు, కేక వేయడం.

ఇప్పటికీ వాడుతున్న మాటల్లోనే ఇది కనిపిస్తుంది. బ్యాటిల్ క్రై అంటే సైనికులు వేసే యుద్ధ నినాదం. అక్కడ ఎవరూ ఏడవట్లేదు. టౌన్ క్రయర్ అంటే వీధిలో నిలబడి ప్రకటనలు గట్టిగా అరిచి చెప్పే మనిషి. మన ఊళ్ళల్లో డప్పు కొట్టి చాటింపు వేసేవాళ్ళ పనే అది. పాత ఇంగ్లీష్ నవలల్లో డైలాగ్ పక్కన "హీ క్రైడ్" అని ఉంటే, చాలాసార్లు "అని అరిచాడు" అనే చదువుకోవాలి.

మరి ఈ పదం ఎక్కడిది? 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచారు. వాళ్ళు మాట్లాడింది ఫ్రెంచ్. తర్వాతి కాలంలో ఫ్రెంచ్ పదాలు కుప్పలుగా ఇంగ్లీష్‌లోకి వచ్చాయి. అలా 13వ శతాబ్దంలో వచ్చిందే క్రై. ఫ్రెంచ్‌లో దాని మూల పదానికి ఈ రోజుకీ ప్రధాన అర్థం అరవడమే. ఏడవడానికి వాళ్ళకి వేరే పదం ఉంది.

ఇంగ్లీష్‌లో ఏడవడానికి అప్పటికే వీప్ ఉంది. గట్టిగా ఏడిస్తే కేకలు కూడా వస్తాయి కాబట్టి, క్రై మెల్లగా ఏడుపు వైపు జరిగింది. 16వ శతాబ్దానికల్లా ఆ అర్థం బాగా స్థిరపడిపోయింది. తమాషా ఏంటంటే, వీప్‌కి చుట్టమైన ఒక పదానికి ఐస్‌లాండ్ భాషలో అరవడం అనే అర్థం. అంటే రెండు పదాల వెనకా ఉన్నది కన్నీళ్ళు కాదు, గొంతు!

ఫ్రెంచ్ కంటే వెనక్కి వెళ్తే లాటిన్‌లో క్విరిటారే అనే పదం ఉంది. రోమన్ పౌరులని క్విరిటేస్ అనేవారు. "పౌరులారా, కాపాడండి" అని పిలవడమే క్విరిటారే అని వారో అనే రోమన్ పండితుడు చెప్పాడు. ఇప్పటి భాషావేత్తలు చాలామంది దీన్ని ఒప్పుకోరు, అరుపు శబ్దం నుంచే పదం పుట్టిందంటారు. కానీ కేక విన్నవాళ్ళు రావాలి అనే ఆలోచన మాత్రం తర్వాత నిజంగానే చట్టం అయింది. ఇంగ్లండ్‌లో 1285 నాటి వించెస్టర్ శాసనం ప్రకారం, దొంగతనం జరిగిందని కేక లేస్తే చుట్టుపక్కల వాళ్ళంతా దొంగ వెంటపడాలి. దాని పేరే హ్యూ అండ్ క్రై.

ఆ మాట మన దేశంలో కోర్టు కాగితాల్లో ఇంకా బతికే ఉంది. "రెయిజ్డ్ హ్యూ అండ్ క్రై" అంటే సాయం కోసం కేకలు వేశారు అని. బాధితురాలిని "ఎందుకు క్రై చేయలేదు" అని అడిగారనుకోండి. దాన్ని "ఎందుకు ఏడవలేదు" అని అనువదిస్తే ప్రశ్నే మారిపోతుంది. ఆమె చెప్పే జవాబు కూడా మారిపోతుంది. భయంతో గొంతు పెగలని మనిషికి కన్నీళ్ళు ఆగకుండా కారుతూ ఉండొచ్చు. ఏడ్చింది, కానీ అరవలేకపోయింది. ఒక్క పదంలో ఈ తేడా పోతే నష్టపోయేది ఆమే.

తెలుగులో ఈ రెండిటికీ వేరు వేరు పదాలున్నాయి. ఏడుపు వేరు, కేక వేరు. క్రై పాత అర్థానికి దగ్గరగా ఉండే పదం కూడా మనకుంది. మొర. గజేంద్రుడి మొర అంటాం, కలెక్టర్‌కి మొర పెట్టుకున్నారు అంటాం. మొర అన్నాక అవతల వినేవాళ్ళు ఒకరు ఉండాలి. క్రై కూడా మొదట అలాంటి పదమే.

ఇంకో పదంతో మళ్ళీ కలుద్దాం. ఉంటానండి.